ఖాళీ కడుపుతో కందకుర్తి దాకా

జూన్ 12

డాక్టర్ హిబా తిన్నదల్లా రాయమన్నారు. పొద్దున ఏం తిన్నాను, ఆ తర్వాత కడుపు ఏం చేసింది, రక్తం పడిందా లేదా. దానికి వేరే కాగితం పెట్టి ఫ్రిజ్‌కు అతికించాను. అది ఇంట్లో అందరూ చూసేది. ఈ డైరీ నేనొక్కదాన్నే చూసేది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆమె క్లినిక్ నుంచి బయటికి వచ్చేసరికి వాన పడుతోంది. మా ఆయన విష్ణు పసుపు యార్డులో పని వదిలి బండి మీద వచ్చి, మెడికల్ షాపు రేకు కింద నిలబడి ఉన్నాడు.

"ఏమన్నది?"

"పెద్దపేగు వాపు మళ్ల లేచిందట. మాత్రలు పెంచింది. తిండి మార్చుమన్నది."

"ఎన్ని రోజులు?"

లోపల నేనూ అదే అడిగాను. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి చెప్పారు. "రోజులు కాదమ్మా. ఇది పోయే జబ్బు కాదు, అదుపుల ఉండే జబ్బు. తిండి మారిస్తె పేగుకు జెర ఆరాం దొరుకుతది. మాత్ర పుండును మాన్పుతది. ఒకటి చేసే పని ఇంకోటి చెయ్యదు. రెండూ కావాలె."

విష్ణుకు ఇదంతా చెప్పలేదు. "చూద్దామన్నది" అన్నాను. బండి వెనక కూర్చుని బోధన్ వచ్చేదాకా తడుస్తూనే ఉన్నాం.

మెత్తటి అన్నం, పెసర కట్టు, తొక్క తీసిన సొరకాయ, బీరకాయ, ముగ్గిన అరటిపండు, ఉడికిన గుడ్డు, పడితే పెరుగు. కారం వద్దు. పచ్చి కూరగాయలు వద్దు. గింజలు వద్దు. పాలు వద్దు. జొన్నరొట్టె వద్దు. వాపు తగ్గాక ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి చూడాలట.

జొన్నరొట్టె వద్దని మా అత్తమ్మకు ఎవరు చెప్తారు.

జూన్ 13

నేనే చెప్పాను. అత్తమ్మ పిండి పిసుకుతున్న చెయ్యి ఆపలేదు.

"మీ మామ ఈ రొట్టెలు తినే శక్కర్ ఫ్యాక్టరీల పన్జేసిండు. ఎన్నడు కడుపు పట్టుకొని కూసోలే."

"తప్పు రొట్టెది కాదు అత్తమ్మా. నా పేగు మంచిగ లేదు."

"గట్లెందుకు. నా చెయ్యి పడ్తలేదను. అత్త రాధాబాయి వంట పడ్తలేదను."

అంకిత లెక్కల పుస్తకం మీద నుంచి తల ఎత్తి ఒకసారి నన్ను, ఒకసారి నానమ్మను చూసింది. తొమ్మిదో తరగతికి వచ్చాక అది ఎవరి వైపూ మాట్లాడడం మానేసింది.

నాకు వేరే గిన్నె పెట్టుకున్నాను. స్టవ్ మీద మూడో పొయ్యి లేదు. అత్తమ్మ వంట అయ్యేదాకా ఆగాలి, అయ్యేసరికి నా కండక్టర్ డ్యూటీ టైము అవుతుంది.

జూన్ 16

బాగుంది.

జూన్ 19

బోధన్ నుంచి రెంజల్ మీదుగా కందకుర్తి, మళ్లీ వెనక్కి, మళ్లీ అటు. ఈ రూట్లో చెట్టు చెట్టూ నాకు తెలుసు. ఈ మధ్య చెట్లు లేని చోట్లు కూడా తెలుసు. బోధన్ బస్టాండ్‌లో ఆడవాళ్లకు లెట్రిన్ ఉంది. రెంజల్‌లో ఆఫీసుల వెనకాల ఒకటి ఉంది, కానీ బస్సు అక్కడ జనాన్ని ఎక్కించుకుని పోవడమే తప్ప ఆగదు. కందకుర్తిలో గోదావరి ఒడ్డున మగవాళ్లకు ఎక్కడైనా ఉంది.

బస్సు నిండా ఆడవాళ్లు. ఆడవాళ్ల ఫ్రీ ప్రయాణానికి జీరో టికెట్లు కొడుతూ, ఆధార్ కార్డులు చూస్తూ, మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోతుంటే లోపల మెలిక పడుతుంది. అప్పుడు ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని కదలకుండా నిలబడతాను. "ఏమైంది మేడం?" అంటే "బస్సు ఊగుతుంది కద" అంటాను.

ఈ రోజు అలా కాలేదు. పొద్దున వంట ఆలస్యమై ఏమీ తినకుండానే వెళ్లాను. నీళ్లు కూడా తాగలేదు. మధ్యాహ్నం దాకా కడుపు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తోచలేదో. లోపల ఏమీ లేకపోతే బయటికి ఏం వస్తుంది.

జూన్ 20

ఈ రోజు కూడా.

జూన్ 27

తినడం డ్యూటీ అయ్యాకే. అన్నం, పెసర కట్టు, ఒక అరటిపండు. డాక్టరమ్మ చెప్పినవే తింటున్నాను, కాకపోతే ఒక్కపూట తింటున్నాను. అంతే తేడా.

ఖాకీ కోటు భుజాల దగ్గర జారుతోంది. సాటాపూర్‌లో ఎక్కే ఆమె "మంచిగ సన్నవడ్డవ్ మేడం, పెండ్లి పిల్ల లెక్కున్నవ్, ఏం తింటున్నవ్?" అని అడిగింది. నవ్వాను. నిజంగానే సంతోషం అనిపించింది, అది రాయకపోతే అబద్ధమవుతుంది.

డ్రైవర్ మన్సూర్ భాయ్ మాత్రం కందకుర్తిలో టిఫిన్ డబ్బా విప్పి నా వైపు తోశాడు. ఆయన భార్య కనీజ్ చేసిన కిచిడీ.

"కారం లేదు బెహన్. నీ కోసమనే తీసి పెట్టింది."

"తిని వచ్చిన భాయ్."

"రోజు తినే వస్తవ్. మరి మెట్టెక్కుతుంటె కాళ్లెందుకు వణుకుతున్నయ్?"

వాన పడేలా ఉందని ఆకాశం వైపు చూశాను. ఆయన డబ్బా మూశాడు.

జూన్ 30

బాగుంది. మాత్రలు వేసుకుంటున్నాను. తలుపు దగ్గర కాసేపు కళ్లు తిరిగాయి. ఎండ.

జూలై 3

విష్ణు సెలవు పెట్టించి నిజామాబాద్ తీసుకెళ్లాడు. డాక్టరమ్మ దగ్గరికి కాదు. యార్డులో పసుపు కమీషన్ మీద అమ్మే అడ్తి సేటుకు ఎవరో ఆత్మారాం సార్ తిండితోనే షుగర్ తగ్గించాడట, పేగు జబ్బులకు ఇంకా మంచి పేరట. విష్ణు ముఖం చూస్తే కాదనలేకపోయాను. నేను బాత్రూంలోకి వెళ్లిన ప్రతిసారీ టీవీ సౌండ్ పెంచుతాడు, నాకు సిగ్గు కాకుండా. అతనికి తోచే సాయం అది.

గాంధీచౌక్ దగ్గర మేడ మీద గది. చాపల మీద జనం. ఆత్మారాం సార్ తెల్ల లుంగీ, తెల్ల బనీను, గట్టి గొంతు. అందరూ వినేలా నన్ను అడిగాడు, అందరూ వినేలా చెప్పాడు.

"మాత్ర ఏం చేస్తదమ్మా? నొప్పి చెప్పే నోరు మూస్తది. నోరు మూస్తె రోగం పోయినట్టా?"

"డాక్టర్ పచ్చివి తినొద్దన్నది సార్."

"వాళ్లు అట్లనే అంటరు. వండుడు అంటేనే తిండిని చంపుడు. చచ్చిన తిండితోటి బతికిన పేగు ఎట్ల మానుతది?"

పొద్దున బీట్‌రూట్, క్యారెట్ రసం. మధ్యాహ్నం పచ్చి మొలకలు. సాయంత్రం పచ్చి పసుపు ముద్ద. మాత్రలు ఆ రోజు నుంచే బంద్. "పసుపు పండే జిల్లాల పుట్టి పేగు వాపని ఏడుస్తరా" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డాక్టరమ్మ మాట వింటే భయం పోదు. ఈయన మాట వింటుంటే పోయింది. పోని జబ్బు అనేవాళ్ల ముందు కూర్చోవడం కంటే పోతుందనేవాళ్ల ముందు కూర్చోవడం సుఖంగా ఉంది.

తిరిగి వస్తుంటే విష్ణు అడిగాడు. "మాత్రల సంగతి డాక్టరమ్మకు ఒక మాట చెప్దమా?"

"నయమైనంక చెప్దం" అన్నాను.

జూలై 4

మాత్రలు బీరువా మీద సూట్‌కేసు వెనక పెట్టాను. పారేయలేదు.

జూలై 8

బాగుంది.

జూలై 10

కడుపు ఉబ్బి రాయిలా ఉంది. ఆత్మారాం సార్‌కు ఫోన్ చేశాను. "విషం కదులుతున్నదమ్మా. మంచి గుర్తు" అన్నాడు. మోకాళ్లు కూడా నొస్తున్నాయని చెప్పాను. అదీ మంచి గుర్తేనట.

జూలై 13

నిజామాబాద్‌లో ఊర పండుగ, గ్రామదేవతల జాతర. బస్సులన్నీ అటే. ఇంట్లో అత్తమ్మ మటన్ వండింది. వాసనకు నోట్లో నీళ్లు ఊరాయి, నేను మొలకల గిన్నె పట్టుకుని వెనక అరుగు మీద కూర్చున్నాను. అంకిత వచ్చి పక్కన కూర్చుంది.

"మమ్మీ, గిది తింటె నువ్వు మంచిగైతవా?"

"అయిత."

"మరి ఏడుస్తున్నవెందుకు?"

"పచ్చి పసుపు ఘాటు."

దాని కంచంలో కూడా సగం అన్నం మిగిలింది. స్కూలు టిఫిన్ కూడా ఈ మధ్య సగం వెనక్కి తెస్తోంది, నీళ్ల సీసా తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే వస్తోంది. ఎదిగే వయసులో ఆకలి అటూ ఇటూ అవుతుంది.

జూలై 17

పొద్దున ఎర్రగా కనబడింది. బీట్‌రూట్ రసం తాగుతున్నాను కదా.

జూలై 18

మళ్లీ. బీట్‌రూట్ రంగు అంత తొందరగా పోదు.

జూలై 19

కూరగాయల బండి రాలేదు. బీట్‌రూట్ లేదు. క్యారెట్ ఒక్కటే తాగాను.

జూలై 21

ఎర్రగానే ఉంది.

జూలై 22

ఫ్రిజ్ మీద కాగితం తీసేశాను. ఎన్నాళ్లనుంచో అందులో ఏమీ రాయలేదు. ఖాళీ కాగితం ఎందుకు.

జూలై 25

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. నిన్న జరిగింది.

రెంజల్ దాటాం. వాన. కిటికీల రేకులన్నీ దించారు, లోపల ఊపిరి ఆడని ఉక్క. సాటాపూర్ సంత నుంచి గంపలు, సంచులు, కోళ్లు. నేను వెనక నుంచి ముందుకు టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాను. మెలిక పడింది. కడ్డీ పట్టుకున్నాను. పోలేదు. ఇంకోటి, దాని మీద ఇంకోటి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఏమీ లేని కడుపులో నుంచి ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థం కాలేదు.

డ్రైవర్ సీటు దాకా ఎలా వెళ్లానో తెలియదు.

"మన్సూర్ భాయ్, ఆపు."

"ఈడనా? ఈడ స్టాపు లేదు బెహన్."

"ఆపు."

ఆయన అద్దంలో నా ముఖం చూసి మారుమాట లేకుండా బ్రేకు వేశాడు. తలుపు తీస్తే రెండు వైపులా నాట్లేసిన పొలాలు, నీళ్లు. చాటుకు ఒక పొద కూడా లేదు. మెట్టు మీద నిలబడిపోయాను. వెనక నుంచి "ఏమైంది", "ఎందుకాపిండ్రు", "కాయ్ ఝాలా" అని గోదావరి అటు ఒడ్డు మరాఠీ వాళ్లు కూడా అడుగుతున్నారు.

ముందు సీట్లో గంప ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ లేచింది. నీలా ఊళ్లో దిగే ఆవిడ, రోజూ చూసే ముఖమే, పేరు తెలియదు. నా చెయ్యి పట్టుకుంది.

"డ్రైవరు, గా మలుపు కాడికి తీస్కపో. మా ఇల్లు ఆడనే. బిడ్డా, జెర పట్టుకో."

మలుపు దగ్గర దిగాం. ఆవిడ గంప బస్సులోనే వదిలేసి నన్ను నడిపించుకుంటూ పోయింది. ఇల్లు కనబడుతోంది. గేటు కనబడుతోంది. గేటు గొళ్లెం ఆవిడ తీస్తుండగానే అయిపోయింది.

ఆవిడ నన్ను బాత్రూంలోకి తోసి బకెట్ నింపింది. తన చీర, లంగా తలుపు మీద వేసింది. తలుపు బయట నిలబడి, ఎవరో పక్కింటి వాళ్లు అడిగితే "మా సుట్టం. వాన్ల జారి పడ్డది" అంది.

నేను నీళ్లు పోసుకోవడం ఆగాక లోపలికి వినిపించేలా నెమ్మదిగా అడిగింది.

"నెత్తురు గూడ పడ్తున్నది గద బిడ్డా. ఎన్నొద్దుల సంది?"

"కొన్ని రోజుల్నుంచి."

"మొగునికి సెప్పినవా?"

"లేదు."

"మరి ఎవ్వలికి సెప్పినవ్?"

ఆవిడ పేరు శ్యామలమ్మ. అడిగితే చెప్పింది.

తిరిగి రోడ్డు మీదికి వచ్చేసరికి మన్సూర్ భాయ్ వానలో గొడుగు లేకుండా బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరును కాలితో తన్నుతున్నాడు. కిటికీలోంచి ఎవరో అరుస్తున్నారు, ఇంకెంత సేపని.

"టైరు సూస్తున్న. సూడకుండ పోయి గోదాట్ల పడదామా?"

నేను ఎక్కాను. పూల చీర మీద ఖాకీ కోటు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడాన్ని బట్టి అందరికీ తెలిసిందని తెలిసింది. కాలేజీ పిల్ల ఒకతె లేచి సీటిచ్చింది. కండక్టర్ సీట్లో కాక ప్రయాణికుల సీట్లో కూర్చుని కందకుర్తి దాకా వెళ్లాను.

ఇంట్లో వానలో చీర తడిసిందని, తోటి కండక్టరమ్మ చీర ఇచ్చిందని చెప్పాను.

జూలై 27

జ్వరం. సెలవు. ఆత్మారాం సార్‌కు రక్తం సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది ఆఖరి మెట్టమ్మా, ఇక్కడ వదిలేస్తె చేసింది మొత్తం వృథా" అన్నాడు. ఆ కాసేపు ఎందుకు ఆగాడో అని అనుకుంటూ పడుకున్నాను.

ఇంకో వారం చూస్తాను.

జూలై 29

స్కూలు నుంచి ఫోన్. ప్రేయర్‌లో అంకిత పడిపోయింది, ఒళ్లు కాలిపోతోంది, వచ్చి తీసుకెళ్లమని.

నేను లేచి నిలబడలేక గోడ పట్టుకున్నాను. అత్తమ్మ ఆటో పిలుచుకొచ్చింది. ఇద్దరం వెళ్లాం. బోధన్ ఆసుపత్రిలో మూత్రం పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ అన్నారు. డాక్టర్ అంకితను అడిగాడు, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతవమ్మా అని. అది నేల చూస్తోంది.

"చెప్పు బిడ్డా" అన్నాను.

"స్కూల్ల తాగ."

"ఎందుకు?"

"తాగితె పోవాలె. బాత్రూంకు తాళం ఉంటది. మేడంను అందరి ముందల అడగాలె. పోరలు నవ్వుతరు."

"మరి పొద్దటి సంది సాయంత్రం దాంక ఎట్ల ఉంటవే?"

తల ఎత్తి చూసింది. ఎదురు మాట్లాడుతున్నట్టు లేదు, తెలిసిన సంగతి చెప్తున్నట్టే ఉంది.

"నువ్వు ఉంటవ్ గద మమ్మీ. తినకుంటె, తాగకుంటె, రాదు. నిన్ను సూసే నేర్చుకున్న."

అత్తమ్మ నా వైపు తిరిగింది. నేను గోడ వైపు తిరిగాను. ఆసుపత్రి గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసి ఉన్నాయి. అవన్నీ వరుసగా చూశాను.

జూలై 30

పొద్దున విష్ణు చాయ్ తాగుతుంటే అంతా చెప్పాను. రక్తం. బీట్‌రూట్. బస్సు. శ్యామలమ్మ చీర. జూన్ నుంచి తినకుండా డ్యూటీ చేయడం. చాయ్ మీద మీగడ కట్టింది, అతను తాగలేదు.

"నేనే తీస్కపోయిన గద ఆ మేడ మీదికి" అన్నాడు.

"మాత్రలు దాచింది నేను."

బీరువా మీద నుంచి మాత్రలు దించి జేబులో వేసుకున్నాడు. అత్తమ్మ అంకిత దగ్గర ఉంది. మేం కంఠేశ్వర్ వెళ్లాం.

డాక్టర్ హిబా తిట్టలేదు. కళ్ల కింద రెప్ప లాగి చూశారు. పొట్ట నొక్కి చూశారు. నేను చెప్పినదంతా విని ఒకటే అడిగారు. "రక్తం కనబడ్డ రోజు నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"మీరు పోదని చెప్పిండ్రు మేడం. ఆయన పోతదన్నడు."

ఆమె ప్రిస్క్రిప్షన్ రాయడం మొదలుపెట్టారు. రాసి, "పోతదని నేను అబద్ధం చెప్పలేను సుకన్యా. కాని ఇంత దూరం రానియ్యకుండ చూడగలను. ఆ మాట ఆ రోజు గట్టిగ చెప్పాల్సింది" అన్నారు.

విష్ణు పసుపు సంగతి అడిగాడు.

"కూరల వేసుకోండ్రి. మందు పేరు పెట్టి మాత్ర మాన్పియ్యకండ్రి."

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చారు.

ఆగస్టు 2

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. ఒంట్లో రక్తం బాగా తగ్గిందట, ఎక్కిస్తున్నారు. పక్క మంచం ఆమె బత్తాయి తొనలు తీసి తింటోంది. ఇంత ఆకలి వేసి ఎన్నాళ్లయిందో.

ఆగస్టు 4

అత్తమ్మ బోధన్ నుంచి బస్సులో వచ్చింది. సంచిలో మెత్తటి అన్నం, పెసర కట్టు. వాటిలో కారం లేదు, పోపు కూడా లేదు. డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు లేచి నిలబడి అడిగింది.

"రొట్టె ఎప్పుడు తినొచ్చు డాక్టరమ్మా?"

"వాపు మొత్తం తగ్గినంక. చిన్న తునక, నానబెట్టి. పడితె తినొచ్చు, పడకుంటె లేదు."

"అంటె రొట్టె మీద మీకు కోపం లేదు."

"నాకు రొట్టె అంటె ఇష్టం పెద్దమ్మా."

అత్తమ్మ కూర్చుంది. నాకు తినిపిస్తానంది. నేనే తింటానన్నాను. తిన్నాను. భయంతో తిన్నాను, ప్రతి ముద్దకూ ఆగి, లోపల ఏమవుతుందో వింటూ. మధ్యలో ఒకసారి మెలిక పడింది. గిన్నె కింద పెట్టబోతే "తిను. వస్తె పోదువు, బాత్రూం పక్కననే ఉన్నది" అంది.

ఆగస్టు 11

ఇల్లు. మూడు పొయ్యిల స్టవ్ వచ్చి ఉంది. ఎవరు కొన్నారని అడగలేదు.

మాత్రలు అంకిత కళ్ల ముందే వేసుకుంటున్నాను. పొద్దున దాని పక్కనే కూర్చుని తింటున్నాను. ఇద్దరం ఒకరి గ్లాసు ఒకరం చూసుకుంటున్నాం.

ఆగస్టు 18

స్కూలుకు వెళ్లాను. హెడ్‌మాస్టర్ గది. ఇద్దరు టీచర్లు, ఫీజు కట్టడానికి వచ్చిన ఒకాయన. అందరూ పోయాక మాట్లాడదామని ముందు కూర్చున్నాను. వాళ్లు పోలేదు.

"బాత్రూంకు తాళం ఎందుకు వేస్తున్నరు సార్?"

"పిల్లలు ఖరాబు చేస్తరమ్మా. అడిగితె తీస్తున్నం కద."

"అడగలేక మా బిడ్డ నీళ్లు బంద్ పెట్టింది. పడిపోయింది."

"ఇంట్ల చెప్పుకోవాలె మీరు. చిన్న సంగతి ఇది."

చిన్న సంగతి అనగానే నా గొంతు దానంతట అదే లేచింది. నాకు పెద్దపేగు జబ్బు ఉందని చెప్పాను. మల ద్వారం నుంచి రక్తం పడుతుందని, నెల కింద బస్సు డ్యూటీలో ఆపుకోలేక బట్టల్లో అయిపోయిందని, అది చిన్న సంగతి కాదని చెప్పాను. అడగడానికి సిగ్గుపడేదాన్ని నేనే, నన్ను చూసే నా కూతురు నేర్చుకుందని చెప్పాను. ఫీజు ఆయన బయటికి వెళ్లిపోయాడు. టీచర్లలో ఒకామె లేచి, గోడకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుపోయి, బాత్రూం తాళం విప్పి తెచ్చి నా ముందే తన సంచిలో వేసుకుని, "ఇగ వేయం" అంది. హెడ్‌మాస్టర్ ఆమె వైపు చూశాడు.

బయటికి వచ్చాక పంపు దగ్గర కడుపునిండా నీళ్లు తాగాను.

ఆగస్టు 30

విష్ణు నీలా వెళ్లి శ్యామలమ్మకు చీర ఇచ్చి వచ్చాడు. ఉతికిన పాతది, కొత్తది ఒకటి. పాతదే తీసుకుందట.

సెప్టెంబర్ 4

జొన్నరొట్టె చిన్న తునక, నీళ్లలో నానబెట్టి. రెండో రోజుకు పడలేదని తెలిసింది. అత్తమ్మ సొరకాయ కోసుకుంది. గుడ్డు, ఆలుగడ్డ, పెరుగు పడుతున్నాయి. చేప కొంచెం. వీటన్నిటికీ ఫ్రిజ్ మీద మళ్లీ కాగితం పెట్టాను. పడనివి కూడా రాస్తున్నాను.

సెప్టెంబర్ 11

డ్యూటీ. డిపో కంట్రోలర్‌ను నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ డ్యూటీ అడిగాను, రెండు చివరలా బస్టాండ్ ఉంటుందని. ఖాళీ వచ్చినప్పుడు చూస్తానన్నాడు. అప్పటిదాకా కందకుర్తే.

తిని వెళ్లాను. నీళ్లు తాగి వెళ్లాను. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత భయపడుతూ బస్సెక్కలేదు. మన్సూర్ భాయ్ అద్దం సరిచేసుకుంటూ "చెప్పు బెహన్, ఎక్కడంటె అక్కడ ఆపుత" అన్నాడు. తలూపాను.

సాటాపూర్ దాటాక మొదలైంది. గట్టిగా కాదు. ఇదివరకైతే కందకుర్తి దాకా, అక్కడి నుంచి మళ్లీ బోధన్ దాకా ఎలా ఆపుకోవాలా అని లెక్కలు వేసేదాన్ని. రెంజల్‌లో ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. బస్సు కదలబోతోంది. చెమట పట్టిన చేత్తో విజిల్ పట్టుకున్నాను, ఊదలేదు.

"మన్సూర్ భాయ్, బంద్ చెయ్యి." తర్వాత బస్సులోకి తిరిగి, అందరూ వినేలా చెప్పాను. "బస్సు జెరసేపు ఆగుతది. నేను లెట్రిన్‌కు పోవాలె. కడుపు జబ్బు ఉన్నది నాకు."

ఇంజన్ ఆగింది. ముఖం మండుతోంది. మెట్టు దిగబోతుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఆగు మేడం. నేను గూడ వస్త."

కలుపు తీయడానికి పోయే ఆమె. చంకలో కొడవలి చుట్టిన గుడ్డ పక్కామెకు ఇచ్చి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. బురఖాలో షాజియా, కందకుర్తిలో ట్యూషన్ చెప్పే పిల్ల, రోజూ నా బస్సే ఎక్కుతుంది. దిగుతూ నా చెవి దగ్గర అంది. "పొద్దున్నుంచి చాయ్ గూడ తాగను మేడం, ఈ బస్సు గురించే." ఆ వెనక గర్భంతో ఉన్న ఒక అమ్మాయి, ఆమెను పట్టుకుని వాళ్లమ్మ.

"బస్సు మొత్తం ఖాళీ అయితదా ఏంది?" అని కిటికీ పక్క ముసలాయన విసుక్కున్నాడు.

"కూసో చాచా" అన్నాడు మన్సూర్ భాయ్. "నీకొస్తె నువ్వు గూడ పో. నిన్ను వదిలేసి పోను."

ఆఫీసుల వెనకాల ఆ ఒక్క తలుపు ముందు వరుసగా నిలబడ్డాం. గర్భంతో ఉన్న అమ్మాయిని ముందు పంపాం. కలుపుకు పోయే ఆమె "నీకు జబ్బున్నది గద, నువ్వు పో" అని నన్ను ముందుకు నెట్టింది. నేను వచ్చాక వాళ్ల కోసం తలుపు దగ్గర నిలబడ్డాను. గొళ్లెం సరిగ్గా పడదు, ఎవరో ఒకరు బయట పట్టుకోవాలి.

నీలా మలుపు దాటుతుంటే కడుపులో కొంచెం నొప్పి ఉంది. టికెట్లు కొట్టాను.

సాయంత్రం డిపోలో కంట్రోలర్ అడిగాడు, రెంజల్‌లో అంతసేపు బస్సు ఎందుకు ఆగిందని. చెప్పాను.